సీసాలో మన నెత్తురు

ఖాజీపేట నుంచి మైదుకూరు దాటి పోతే బ్రహ్మంగారి మఠం వస్తుంది. ఆ పక్క ఊళ్ళల్లో మాదిగ కక్కయ్య కథ తెలియని ముసలోళ్ళు ఉండరు. ఒంట్లో ఆరు చక్రాలు ఉన్నాయని, ఒక్కో చక్రంలో ఒక్కో దేవత కొలువుందని బ్రహ్మంగారు సిద్ధయ్యకు చెప్తుంటే కక్కయ్య విన్నాడంట. నిజమో అబద్ధమో చూద్దామని ఇంటికి పోయి పెండ్లాన్ని కోసి చూసినాడంట. నెత్తురు, మాంసం తప్ప దేవత ఒక్కటీ కనపడలేదు. 'నువ్వు చెప్పింది అబద్ధం' అని వచ్చి బ్రహ్మంగారిని నిలదీసినాడు. చివరకు బ్రహ్మంగారు ఆమెను బతికిస్తారు, కక్కయ్య శిష్యుడైపోతాడు.

కథ చెప్పేవాళ్ళు మహిమ దగ్గర ఆగుతారు. మనం ప్రశ్న దగ్గర ఆగుదాం. పెద్దలు చెప్పిన మాటను ఒంటిని తెరిచి చూస్తేగానీ నమ్మనన్నవాడు మాదిగవాడు. అది గొప్ప విషయమే. కానీ తెరిచింది ఎవరి ఒంటిని? ఆమెను అడిగినారా? జన్యుశాస్త్ర ప్రయోగశాలలు కులం గురించి ఏం చెప్పినాయో తెలుసుకోవాలన్నా ఈ రెండు ప్రశ్నలూ కావాలి.

ఈమధ్య ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే పిల్లోడు ఒకడు అడిగినాడు: "సార్, పైకులాలోళ్ళు బయట నుంచి వచ్చినారని, మనమే అసలు ఈ నేలోళ్ళమని డి.ఎన్.ఏ. పరీక్షల్లో తేలిందంట గదా. ఇంకా వాదన ఎందుకు సార్?" వాని కళ్ళల్లో సంతోషం చూసి వెంటనే కాదని అనలేకపోయినా. వాడు విన్నది పూర్తిగా అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు. ఆ తేడా తెలియకుంటే మనకు దొరికిన కత్తే మన చెయ్యి కోస్తుంది.

మన ఒళ్ళు కొలవడం కొత్త కాదు. 1891లో రిస్లీ అనే ఆంగ్ల అధికారి బెంగాల్ కులాల మీద పుస్తకాలు అచ్చువేసి, ముక్కు ఎంత వెడల్పుంటే కులం అంత కిందది అన్నాడు. 1901 జనాభా లెక్కలకు ఆయనే కమిషనర్. మన మద్రాసు రాజధానిలో ఆ పని ఎడ్గార్ థర్‌స్టన్ చేసినాడు. ఆయన మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధికారి. తలలు, ముక్కులు కొలిచి, రంగాచారి తోడుతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చినాడు. మాల, మాదిగల గురించి ఈనాటికీ పరిశోధకులు ముందు తెరిచేది ఆ పుస్తకాలనే. కొలిచేవాడు తెల్లోడు, రాసిపెట్టేవాడు అయ్యవారు, కొలత పడేవాడు మనోడు. వరస అట్లా మొదలైంది.

అంబేడ్కర్ ఈ ముక్కు శాస్త్రాన్ని దాని సొంత లెక్కలతోనే చిత్తు చేసినాడు. 1948లో అంటరానివాళ్ళ పుట్టుక మీద రాసిన పుస్తకంలో ఆ కొలతలనే తిరగేసి చూపించినాడు. కొలతలు నమ్మదగినవే అయితే బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతివాళ్ళని ఒప్పుకోవాల్సి వస్తుందని, కాబట్టి అంటరానితనానికి మూలం జాతిలో లేదని ఆయన తేల్చినాడు.

తర్వాత ముక్కు కొలిచే కొలబద్ద పోయి సూది వచ్చింది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆంత్రోపాలజీ శాఖ పరిశోధకులు భాస్కరరావు, మస్తాన్ నాయుడు, రవిప్రసాద్ మొదలైనవాళ్ళు అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్రజ్ఞులు మైకేల్ బామ్‌షాద్, లిన్ జోర్డ్‌లతో కలిసి పని చేసినారు. విశాఖ జిల్లాలో బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, కాపు, యాదవ, రెల్లి, మాల, మాదిగ కులాల మగవాళ్ళ నెత్తురు తీసుకుని డి.ఎన్.ఏ. పోల్చినారు. ఫలితాలు 1998లో 'నేచర్' పత్రికలోనూ, 2001లో 'జీనోమ్ రీసెర్చ్' పత్రికలోనూ వచ్చినాయి. ప్రపంచమంతా చర్చించుకున్న ఆ వ్యాసాల్లో ఉండేది మన తెలుగు మాల, మాదిగ, రెల్లి నెత్తురే. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

వాళ్ళు చూసినవాటిలో ముఖ్యమైనవి రెండు. తల్లి నుంచి బిడ్డలందరికీ వచ్చే మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. ఒకటి. తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ రెండోది. 2001 వ్యాసంలో సుమారు 265 మందిని ఇతర ఖండాలవాళ్ళతో పోల్చినారు. తల్లి వైపు చూస్తే అన్ని కులాలూ ఆసియా వాళ్ళకే దగ్గర. తండ్రి వైపు చూస్తే యూరపు వాళ్ళతో పోలిక ఎక్కువ, కులం మెట్టు ఎక్కేకొద్దీ ఆ పోలిక పెరుగుతుంది. మన పిల్లోడు విన్నది ఈ ముక్కే. కానీ ఆ వ్యాసం చివర తేల్చింది ఇంకోటి: అన్ని కులాల మూలమూ ఆసియాదే, బయట నుంచి వచ్చి కలిసినది ఒక్కో కులంలో ఒక్కో పాళ్ళలో ఉంది. అంటే కలవని కులం లేదు. పైవాడూ పూర్తిగా బయటోడు కాదు, మనమూ పూర్తిగా విడిగా ఉన్నోళ్ళం కాదు.

1998 వ్యాసం మాట మనకు ఇంకా ముఖ్యం. తల్లి వైపు డి.ఎన్.ఏ.లో కులాల మధ్య దూరం మెట్ల ప్రకారం ఉంది, తండ్రి వైపు అట్లా లేదు. ఆడది అప్పుడప్పుడు ఒక మెట్టు పైకి పోయింది, మగవాడు పోలేదు అని పరిశోధకులు అర్థం చెప్పినారు. శాస్త్రం దీన్ని 'స్త్రీల చలనం' అంటుంది. ఆ చలనం పెండ్లా, ఉంచుకోవడమా, ఎత్తుకుపోవడమా? సీసాలో నెత్తురు అది చెప్పదు. మన సీమలో బసివిగా విడిచిన ఆడదాని బిడ్డ తల్లి వాడలోనే పెరుగుతాడు. పుట్టించిన పెద్దమనిషి వై క్రోమోజోమ్ వాడలో ఉంటుంది, ఆయన పేరు మాత్రం రికార్డులో ఉండదు. ఇట్లాంటి చరిత్రను మన అవ్వల నోటినుంచి రాసుకోవాల్సిందే, యంత్రం రాసివ్వదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఏ కులం పైది, ఏది నడిమిది, ఏది కిందది అని నెత్తురు చెప్పలేదు. ఆ వరస పరిశోధకులు సమాజంలో నుంచి తీసుకుని ముందే పెట్టుకున్నది. పైగా అది ఒక్క జిల్లా నెత్తురు. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల లెక్క అందులో లేదు.

ఆ రెండో వ్యాసం వచ్చిన 2001లోనే డర్బన్‌లో జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగింది. కులాన్ని అక్కడ చర్చించాలని దళిత సంఘాలు పోరాడినాయి. కులం జాతి కాదు కాబట్టి కుదరదని భారత ప్రభుత్వం అడ్డుపడింది. అట్లాంటప్పుడు 'నెత్తురులోనే తేడా ఉంది' అనే మాట మనకు ఆయుధం లాగ కనపడటం సహజమే. కానీ ఆ ఆయుధం మనకు అక్కర్లేదు. 1965 నాటి జాతి వివక్ష నిర్మూలన ఒప్పందం మొదటి అధికరణంలోనే 'వంశం' అనే మాట ఉంది. కులం ఆ మాట కిందికి వస్తుందని ఆ ఒప్పందం అమలు చూసే కమిటీ 1996లోనే చెప్పింది, 2002లో ఇంకా వివరంగా రాసింది. దానికి ఎవరి రక్తపరీక్షా అడగలేదు. బావి దగ్గర తోసేసినోడు మన డి.ఎన్.ఏ. చూసి తోసినాడా?

1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మన పెద్దలు 'పంచమ' పేరు తోసేసి 'ఆది ఆంధ్ర' అన్న పేరు పెట్టుకున్నారు. అది ఆత్మగౌరవం కోసం, హక్కు కోసం వేసిన అడుగు. స్వచ్ఛమైన నెత్తురు కోసం కాదు. స్వచ్ఛమైన నెత్తురు అన్న మాటే మనువుది. దాన్ని తిరగేసి మన మెడలో వేసుకుంటే మనువాదం పోదు, మనిషి మాత్రమే మారతాడు.

మరి ప్రయోగశాల మనకు చేసిన మేలు ఏమీ లేదా? ఉంది, చాలా పెద్దదే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, తంగరాజ్ హార్వర్డ్ వాళ్ళతో కలిసి 2009లో 25 సమూహాల మీద ఒక వ్యాసం వేసినారు. పురాతన కాలపు రెండు పెద్ద జనాల కలయిక దాదాపు అందరిలోనూ ఉందని తేల్చినారు. 2013లో 73 సమూహాల మీద చేసిన పనిలో ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి మధ్య జరిగిందని లెక్క కట్టినారు. ఆ తర్వాత కలయిక ఆగిపోయింది. 2016లో కల్యాణి సంస్థ పరిశోధకులు చూసిన సమూహాల్లో పైకులాలవాళ్ళు బయట పెండ్లిళ్ళు ఆపేసి సుమారు 70 తరాలైందన్నారు. అంటే గుప్తుల కాలం దగ్గర. ఏ ఏడాదన్నది ఇంకా వాదనలో ఉన్నా వరస మాత్రం స్పష్టం: ముందు అందరూ కలిసినారు, తర్వాత తలుపు మూసినారు.

అంటే కులం సృష్టి మొదటి నుంచీ లేదు. ఒక కాలంలో మనుషులు వేసిన గడియ అది. ఈ మాట 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో 25 ఏళ్ళ అంబేడ్కర్ ఏ సీసా, ఏ యంత్రం లేకుండానే చెప్పినాడు. ఈ దేశపు జనం కలగలిసిన జనమని, సొంత గుంపులోనే పెండ్లి అన్న నియమమే కులానికి ప్రాణమని, ఆ నియమం నిలబడింది సతి, వితంతు నిర్బంధం, బాల్యవివాహం లాంటివాటితో ఆడదాన్ని కట్టేసినందువల్లనే అని ఆయన వాదం. దాదాపు వందేళ్ళకు ప్రయోగశాల అదే తోవకు వచ్చింది.

ఈ గడియ ఒక్క మనకే కాదు, వేసుకున్నోళ్ళకూ చేటు చేసింది. ప్రొద్దుటూరు బంగారం బజారు తీసుకోండి. వైశ్యుల్లో బయట పెండ్లి రెండు మూడు వేల ఏళ్ళుగా దాదాపు లేదని 2009 వ్యాసం లెక్క. వాళ్ళల్లో ఒక ఎంజైమ్ లోపం మిగతావాళ్ళకంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. దానివల్ల ఆపరేషన్‌లో కండరాలు సడలడానికిచ్చే కొన్ని మందులు వాళ్ళకు ప్రమాదం. మేనరికం వల్ల జబ్బులొస్తాయని డాక్టర్లు చెప్తారు, 1960లలో హాల్డేన్ శిష్యుడు కృష్ణ ద్రోణంరాజు ఆంధ్రలో మేనరికాల మీద పరిశోధన కూడా చేసినాడు. కానీ మేనమామను వదిలి దూరం సంబంధం చేసుకున్నా అదే కులంలో అయితే ఈ చిక్కు తప్పదు. 2017లో 263 సమూహాలను చూసిన తంగరాజ్ బృందం 81 సమూహాల్లో ఈ బిగింపు ఫిన్లాండు వాళ్ళకంటే, అష్కెనాజీ యూదులకంటే ఎక్కువని చెప్పింది. గడియ తీయబోయినవాళ్ళను మాత్రం ఈనాటికీ చంపుతున్నారు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను నరికింది ఆ గడియ కాపాడటానికే.

ఇంక కక్కయ్య పెండ్లాం తరపు ప్రశ్న. నెత్తురు ఇచ్చినవాళ్ళను అడిగినారా, అడిగింది వాళ్ళకు అర్థమయ్యేటట్లు అడిగినారా? అమెరికాలోని హవసుపాయి ఆదివాసులు 1990 నుంచి అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళకు మధుమేహం పరిశోధన కోసమని నెత్తురు ఇచ్చినారు. తమకు తెలియకుండా మతిభ్రమణ జబ్బు మీద, తమ పూర్వీకుల వలస మీద కూడా దాన్ని వాడినారని తెలిసి 2004లో కోర్టుకు ఎక్కినారు. 2010లో విశ్వవిద్యాలయం ఏడు లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన నెత్తురు వెనక్కు ఇచ్చింది. వాళ్ళు పాటలు పాడి దాన్ని తమ నేలకు తీసుకుపోయినారు. మన దేశంలో వైద్య పరిశోధనా మండలి నియమాలు 2000, 2006, 2017లలో వచ్చినాయి. అవి కాగితం మీద ఉన్నాయి. వాడలోకి సూది తెచ్చినవాణ్ణి 'ఇది దేనికి, ఫలితం మాకు తెలుగులో ఎప్పుడు చెప్తావు, మా ఆరోగ్యానికి ఏం మేలు?' అని అడగడం మనం నేర్చుకోవాలి.

అడిగేది వాడలో నిలబడి మాత్రమే కాదు, ప్రయోగశాల లోపల నిలబడి కూడా. కడపలో 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం వచ్చింది, అందులో జన్యుశాస్త్ర శాఖ కూడా ఉంది. ఖాజీపేట నుంచి పొద్దున బస్సెక్కితే క్లాసు టైముకు అందుకోవచ్చు. ఆ పిల్లోడికి నేను చివరకు చెప్పింది ఇదే: "మనం మొదటోళ్ళమా కాదా అని నెత్తురును అడగొద్దు నాయనా. ఈ గడియ ఎవరు వేసినారు, ఎప్పుడు వేసినారు, ఎట్లా తీయాలి అని అడుగు. నెత్తురు ఇచ్చే వరసలో మన తాతలు నిలబడినారు. నువ్వు బల్లకు అవతల నిలబడు."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎం.ఎస్సీ. అప్లికేషన్ ఎప్పుడిస్తారు సార్ అని అడిగినాడు.