కటకం చూసిన మేరకే చరిత్ర



ఫోటోగ్రఫీ మీద అభిరుచి కలిగిన ప్రతి ఒక్కరూ మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ కెమెరా కొనాలి? ఏ లెన్సు మంచిది?" దుకాణంలో ఈ ప్రశ్నకు ధరల పట్టికతో సమాధానం చెబుతారు. చరిత్ర విద్యార్థి దీన్ని మరొక విధంగా అడగాలి. ఒక కాలంలో అందుబాటులో ఉన్న కెమెరా, లెన్సు ఏమిటి? వాటితో ఏమి తీయడం సాధ్యమైంది? ఏమి తీయడం సాధ్యం కాలేదు? సాధ్యం కానిది చరిత్రలో ఖాళీగా మిగిలిపోతుంది. కెమెరా కటకాల పరిణామాన్ని, ఆ పరిణామం మనకు నేర్పే ఎంపిక పద్ధతిని ఈ ప్రసంగంలో పరిశీలిద్దాం. ఉదాహరణగా జంషెడ్‌పూర్ నగరంలోని కద్మా అనే పేటను తీసుకుందాం.

కద్మా: ఉక్కు నగరంలో ఒక పేట

టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమానికి దగ్గరలో ఉన్న సాక్చి గ్రామం కర్మాగారానికి అనువైన చోటుగా ఎంపికయింది. 1912లో అక్కడ మొదటి ఉక్కు దిమ్మె తయారైంది. 1919లో వైస్రాయ్ ఛేమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. నగరానికి పడమటి వైపున, ఖర్కాయ్ నది ఒడ్డున పెరిగిన నివాస ప్రాంతమే కద్మా. పని కోసం దేశం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. వారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి రైలెక్కి వచ్చిన తెలుగువారు గణనీయంగా ఉన్నారు.

ఈ నగరపు కొలిమిల ఫోటోలు మనకు చాలానే లభిస్తాయి. కంపెనీ తన పనులను తానే చిత్రింపజేసుకుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు వెర్నర్ బిషోఫ్ 1951లో జంషెడ్‌పూర్ కర్మాగారాన్ని ఫోటోలు తీశాడు. మరి కొలిమి దగ్గర పని ముగించుకుని ఇంటికి వచ్చిన మనిషి సంగతి ఏమిటి? అతని వంటిల్లు, పెరడు, సాయంకాలం వీధి అరుగు మీద కబుర్లు ఏ ఫోటోలో ఉన్నాయి? వాటిని తీయగలిగినవారు ఆ ఇంటివారు, పొరుగువారు మాత్రమే. అంటే అభిరుచితో ఫోటోలు తీసే సామాన్యులే. వారి చేతికి ఏ పరికరం ఎప్పుడు అందింది అన్నది అందువల్లనే చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న.

కదలనివి మాత్రమే మిగిలిన రోజులు

ఫ్రాన్స్‌లో డాగేర్ కనిపెట్టిన పద్ధతిని 1839లో లోకానికి వెల్లడించారు. అంతకు ముందు సంవత్సరం ఆయన పారిస్‌లోని ఒక రద్దీ వీధిని తన కిటికీలోంచి ఫోటో తీశాడు. ఆ చిత్రంలో వీధి దాదాపు నిర్మానుష్యంగా కనిపిస్తుంది. బళ్లు, గుర్రాలు, జనం అందరూ కదులుతూ ఉండడం వల్ల ఫలకం మీద వారి గుర్తు పడలేదు. బూట్లు తుడిపించుకోవడానికి ఒకచోట నిలబడిపోయిన మనిషి మాత్రం మిగిలాడు. కొన్ని నిమిషాల పాటు వెలుగు సోకితే గాని ఆనాటి ఫలకం మీద బొమ్మ పడేది కాదు.

లోపం ఫలకంలో కొంత, కటకంలో కొంత ఉంది. ఆనాటి కటకం సన్నని ద్వారం గుండా చాలా తక్కువ వెలుగును లోపలికి పంపేది. ద్వారాన్ని వెడల్పు చేస్తే బొమ్మ అంచులు చెదిరిపోయేవి, రంగులు వేరువేరు చోట్ల కేంద్రీకృతమయ్యేవి. మీరు భౌతికశాస్త్రంలో చదివే గోళీయ విపథనం, వర్ణ విపథనం ఇవే. 1840లో వియన్నాలో గణితాచార్యుడు జోసెఫ్ పెట్జ్‌వాల్ లెక్కలు కట్టి ఒక కొత్త కటకాన్ని రూపొందించాడు. దాని ద్వారం సుమారు ఎఫ్/3.6. పాత కటకంతో పోలిస్తే అది పదిహేను రెట్లకు పైగా ఎక్కువ వెలుగును పంపింది. దానితో మనిషి ముఖం ఫోటోలోకి వచ్చింది. ముఖచిత్రాల స్టూడియోలు వెలిశాయి.

మన దేశంలో

భారతదేశంలో ఫోటోగ్రఫీ అభిరుచి ఆలస్యంగా మొదలైందనుకోవడం పొరపాటు. 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తా, మద్రాసులలోను ఫోటోగ్రఫీ సంఘాలు ఏర్పడ్డాయి. అయితే వాటిలో ఎక్కువమంది అధికారులు, వైద్యులు, సంపన్నులు. బరువైన చెక్క కెమెరా, గాజు పలకలు, రసాయనాలు, వాటిని మోయడానికి కూలీలు కావలసిన విద్య అది.

హైదరాబాదులో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పేరు పొందిన లాలా దీన్ దయాళ్ ఉదాహరణ ఇక్కడ ఉపయోగపడుతుంది. రాజభవనాలు, వేట యాత్రలు, సైనిక విన్యాసాలు ఆయన గాజు పలకల మీద నిలిచాయి. నిజాం ఆయనకు 'రాజా' బిరుదునిచ్చారు. కాని పరదా పాటించే స్త్రీలు పురుష ఛాయాగ్రాహకుని ముందుకు రారు. అందుకని 1892లో ఆయన హైదరాబాదులో స్త్రీల కోసమే ఒక జెనానా స్టూడియోను ప్రారంభించి, దాని బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. కెమెరా వెనుక ఎవరున్నారు అన్నది కూడా ఎవరు చరిత్రలోకి వస్తారో నిర్ణయిస్తుందని ఈ సంఘటన చెబుతోంది.

చేతిలోకి వచ్చిన కెమెరా

అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కొడాక్ కెమెరాను విడుదల చేశాడు. 1900లో వచ్చిన బ్రౌనీ ధర ఒక డాలరు. బొమ్మ తీయడం అందరి పనీ అయింది. కాని ఆ పెట్టె కెమెరాలో లెన్సు మార్చే వీలు లేదు. మంచి వెలుతురు ఉంటేనే అది పనిచేసేది.

ఈలోగా జర్మనీలో కటక విద్య ముందుకు సాగింది. యేనా నగరంలో ఎర్న్‌స్ట్ అబ్బె, ఒట్టో షాట్ కొత్త రకాల గాజును తయారుచేశారు. జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ 1902లో టెస్సార్‌ను రూపొందించాడు. నాలుగే గాజు ముక్కలతో అంచు దాకా స్పష్టమైన బొమ్మను ఇచ్చిన ఈ అమరిక ఆ తరువాత ఎన్నో కెమెరాలకు మాతృక అయింది.

1925లో లైప్జిగ్ వసంత ప్రదర్శనలో లైకా కెమెరా ప్రజల ముందుకు వచ్చింది. ఆస్కర్ బర్నాక్ సినిమా ఫిల్మును వాడుకుని 24×36 మిల్లీమీటర్ల చిన్న ప్రతిబింబాన్ని ఎంచుకున్నాడు. కెమెరా కోటు జేబులో పట్టింది. 1930లో లెన్సు విప్పి మార్చుకునే లైకా వచ్చింది. ఇవాళ మనం చర్చిస్తున్న 'ఏ లెన్సు?' అన్న ప్రశ్న సామాన్య అభిరుచిపరునికి నిజంగా ఎదురైనది అప్పటి నుంచే. 1959లో జపాన్ నుంచి నికాన్ ఎఫ్ వచ్చింది. అదే సంవత్సరం జర్మనీలోని ఫోక్ట్‌లాండర్ సంస్థ 36 నుంచి 82 మిల్లీమీటర్ల వరకు మారే జూమ్ లెన్సును స్థిరచిత్రాల కెమెరాకు అందించింది.

కొరత నేర్పిన పాఠం

స్వాతంత్ర్యం తరువాత మన దేశంలో దిగుమతులపై ఆంక్షలు, భారీ సుంకాలు ఉండేవి. విదేశీ కెమెరా మధ్యతరగతికి అందని వస్తువు. చాలా ఇళ్లకు అందినది మన దేశంలో తయారైన అగ్ఫా క్లిక్-3. ఒక ఫిల్ము చుట్టకు పన్నెండు చతురస్రపు బొమ్మలు వచ్చేవి. దూరం సరిచేసే పని లేదు. ఎండ, మబ్బు అన్న గుర్తుల్లో ఒకదానికి మీట తిప్పితే చాలు. ఊటీలో 1960లో నెలకొల్పిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్మును అందించింది. మరికొంచెం ఖర్చు పెట్టగలవారు పాత సామాను బజారులో సోవియట్ జెనిత్ కోసం వెతికేవారు. దానితో వచ్చే 58 మిల్లీమీటర్ల హెలియోస్ లెన్సు జైస్ వారి బయోటార్ అమరికను అనుసరించి చేసినది.

ఈ కొరత ప్రభావం ఇంటి ఆల్బముల్లో స్పష్టంగా కనిపిస్తుంది. పన్నెండే బొమ్మలున్నప్పుడు వాటిని ఎవరి కోసం ఖర్చు చేస్తారు? పెళ్లికి, అన్నప్రాసనకు, పండుగకు. వంటింట్లో అమ్మమ్మను, సైకిలు మీద షిఫ్టుకు వెళ్తున్న తాతగారిని తీయడం దుబారా. పైగా ఎండ కావాలి కాబట్టి అందరినీ వాకిట్లో వరుసగా నిలబెట్టేవారు. ఆ తరం వారు ఫోటోల్లో నవ్వకుండా బిగుసుకుని కనిపించడానికి పరికరం కూడా ఒక కారణమని గ్రహించాలి. ఇంటి లోపలి జీవితం వారికి లేక కాదు, ఆ కెమెరాకు అది కనిపించక!

ఎంపికకు రెండు కొలతలు

ఇక లెన్సు ఎంపికకు వద్దాం. రెండు కొలతలు అర్థమైతే చాలు.

మొదటిది నాభ్యంతరం. 24×36 మిల్లీమీటర్ల ఫ్రేము కర్ణం సుమారు 43 మిల్లీమీటర్లు. దానికి దగ్గరగా ఉన్న 50 మిల్లీమీటర్ల లెన్సును 'నార్మల్' అంటారు. 28 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 75 డిగ్రీల వెడల్పును చూస్తుంది. 200 మిల్లీమీటర్లది 12 డిగ్రీలను మాత్రమే చూస్తుంది. చాలా డిజిటల్ కెమెరాల సెన్సారు ఫిల్ము ఫ్రేము కన్నా చిన్నది. అటువంటి వాటిలో 50 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 75 మిల్లీమీటర్ల దానివలె పనిచేస్తుంది.

రెండవది ద్వారం. నాభ్యంతరాన్ని ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ సంఖ్య. సంఖ్య తగ్గిన కొద్దీ వెలుగు పెరుగుతుంది. ఎఫ్/5.6 తో పోలిస్తే ఎఫ్/1.8 దాదాపు పది రెట్ల వెలుగును పంపుతుంది. సెకనులో పదవ వంతు కావలసిన చోట వందవ వంతు సరిపోతుంది. చెయ్యి వణికినా బొమ్మ చెదరదు.

కద్మాలో నిలబడి చూస్తే

ఇప్పుడు మనం కద్మాలో ఉన్నామనుకుందాం. ఏమి తీయాలో ముందు నిర్ణయించుకుందాం. లెన్సు ఆ తరువాత.

నగరానికి ఉత్తరాన దల్మా కొండలున్నాయి. అక్కడి అభయారణ్యం ఏనుగులకు ప్రసిద్ధి. వాటిని సురక్షితమైన దూరం నుంచి తీయాలంటే 300 మిల్లీమీటర్ల లెన్సు కావాలి. కొత్తవారిని ఎక్కువగా ఆకర్షించేది ఇదే. ఖర్చు కూడా ఎక్కువే. పైగా సంవత్సరంలో ఎన్ని రోజులు దల్మాకు వెళ్తాం?

మార్చి 3న జంషెడ్జీ టాటా జయంతి సందర్భంగా జూబిలీ పార్కును దీపాలతో అలంకరిస్తారు. 1958లో ప్రారంభమైన ఈ ఉద్యానవనంలో రాత్రి దృశ్యానికి ఖరీదైన లెన్సు అక్కర్లేదు. స్థిరమైన ముక్కాలిపీట కావాలి. లెన్సును ఎఫ్/8 దగ్గర పెట్టి కొన్ని సెకన్లు తెరిచి ఉంచితే సాధారణమైన లెన్సుతోనే మంచి చిత్రం వస్తుంది.

ఇక మూడవది ఇల్లు. ట్యూబులైటు వెలుగులో వంటిల్లు, పూజగది, వినాయక చవితికి మండపం దగ్గర రాత్రి గుమిగూడిన పిల్లలు, నదిగట్టు మీద సాయంకాలం. వీటికి 35 లేక 50 మిల్లీమీటర్ల, ఎఫ్/1.8 లెన్సు చాలు. మార్చుకునే లెన్సుల్లో తక్కువ ధరకు దొరికే వాటిలో ఇదొకటి. క్లిక్-3 చూడలేకపోయిన ఇంటి లోపలిని ఇది చూడగలదు.

పాత లెన్సు కొనేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. వానాకాలపు తేమలో గాజు మీద బూజు పెరుగుతుంది. వెనుక నుంచి టార్చి వేసి చూస్తే సాలెగూడు వంటి పోగులు కనిపిస్తాయి. అటువంటిది కొనరాదు. మీ లెన్సును గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో కలిపి ఉంచండి. తోలు సంచిలో మూసిపెడితే తేమ నిలిచి బూజు త్వరగా పడుతుంది.

మీ దగ్గర మొబైల్ ఫోను మాత్రమే ఉన్నా నిరాశపడవలసిన పని లేదు. దాని కటకం సహజంగా వెడల్పైనది, ద్వారం విశాలమైనది. గది లోపలి దృశ్యానికి అది చక్కగా సరిపోతుంది. దాని బలహీనత మరొకచోట ఉంది. వేలకొద్దీ బొమ్మల్లో ఏది ఎవరిదో, ఎప్పటిదో రాసిపెట్టకపోతే పదేళ్లకు అవి అనాథలవుతాయి. ఫోను పాడైతే అవి అసలే మిగలవు.

ముగింపు

1839 నుంచి నేటి వరకు ప్రతి కొత్త కటకం చరిత్రలోకి కొత్తవారిని తీసుకువచ్చింది. పెట్జ్‌వాల్ కటకం ముఖాన్ని తెచ్చింది. లైకా వీధిని తెచ్చింది. కాని పరికరం తలుపు తెరుస్తుంది అంతే. లోపలికి చూడాలా వద్దా అన్నది దానిని పట్టుకున్న మనిషి నిర్ణయం. కొలిమిని తీయడానికి కంపెనీ ఉంది. ఏనుగును తీయడానికి నిపుణులున్నారు. కద్మాలో గాని, మీ ఊరిలో గాని, మీ ఇంటి పెద్దల దినచర్యను తీయడానికి మీరు తప్ప మరొకరు లేరు. అందుకు గడువు కూడా ఎక్కువ ఉండదు.

మీరు చేయదగిన పని: మీ ఇంట్లోని పాత ఆల్బములో పది ఫోటోలను పరిశీలించండి. ఎన్ని ఆరుబయట తీసినవి, ఎన్ని ఇంటి లోపల తీసినవి, ఎన్నింటిలో మనుషులు పనిచేస్తూ కనిపిస్తున్నారు అని లెక్కించండి. వాటిలో ఏమి కనిపించడం లేదో ఒక కాగితం మీద రాసుకోండి. మీరు కొనవలసిన లెన్సు ఏదో ఆ కాగితమే చెబుతుంది. ఫోటో తీసే ముందు ఆ మనిషి అనుమతి తీసుకోవడం, తీసిన తరువాత పేరు, తేదీ, స్థలం రాసిపెట్టడం మరువకండి.