నాచారం రంగు, దక్షిణ ధ్రువపు మంచు

సంఘం ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. ఐసు గురించి రాస్తున్నాను. ఉప్పల్ ఎండల్లో ఐసు కబుర్లేమిటని మిత్రులు నవ్వకూడదు.

1983-84లో డాక్టర్ హర్ష్ గుప్తా నాయకత్వాన వెళ్లిన మూడో యాత్రాబృందం అంటార్కిటికాలో మన మొదటి స్థావరం ‘దక్షిణ గంగోత్రి’ని కట్టింది. పన్నెండు మంది చలికాలమంతా అక్కడే గడిపారు. పేపర్లలో ఆ వార్తలు చదువుకుంటున్న రోజుల్లోనే, నాచారంలో నేను పనిచేసే రంగుల ఫ్యాక్టరీకి ఒక ఉత్తరం వచ్చింది. చలిదేశపు రేవులో ఉక్కు స్తంభాలకు ఐసు అంటని పూత కావాలట.

అంటితే ఏం? అని అడిగాను. మా ఫోర్‌మన్ గారు చెప్పారు: “పోటుకు సముద్రం లేస్తే పైన గడ్డకట్టిన ఐసూ లేస్తుంది. స్తంభాన్ని పట్టుకుని ఉంటే, ఆవు గుంజను పెరికినట్టు దాన్నీ పైకి లాగుతుంది బాబూ.”

నీళ్లు లోహం మీది కంటికి కనపడని గుంటల్లోకి దిగి గడ్డకడతాయి. పట్టుకు అదొక కారణం. నున్నగా, నీరు నిలవకుండా ఉంటే పట్టు తగ్గుతుంది. ఎపాక్సీ పూసిన రేకు మీద నీళ్లు పోసి ఫ్రీజర్లో పెట్టాం. చిన్న దెబ్బకే ఐసు జారిపోయింది. రిజిస్టరులో “ఐసు అంటదు” అని రాసి సంతకం పెట్టాను. నమూనా వెళ్లిపోయింది.

“ఒక్కసారికే రాసేశారా సార్? ఐసు ఏటా రుద్దుకుంటూ పోతుంది గదా” అన్నాడు మా లాబ్ అటెండరు. అదే రేకును గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పెట్టాం. ఈసారి సుత్తితో కొడితే ఐసుతోపాటు పూత కూడా పెచ్చుగా లేచింది. నిజం చెబుతూ మరో ఉత్తరం రాద్దామన్నాను. పైవాళ్లు ఒప్పుకోలేదు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

మంచు ఫలకం మీద కట్టిన దక్షిణ గంగోత్రి మంచులో కూరుకుపోయి 1990లో మూతపడింది. దాని తర్వాతి ‘మైత్రి’ని రాతి నేల మీద, ఉక్కు కాళ్లపై నిలబెట్టారు. మంచుతో పోట్లాడకుండా కిందనుంచి దారి వదలడం నాకు మా పూత కన్నా తెలివైన పని అనిపించింది.

1992లో హర్ష్ గుప్తా గారు ఉప్పల్ రోడ్డులోని ఎన్.జి.ఆర్.ఐ.కి డైరెక్టరుగా వచ్చారు. నాచారం నుంచి ఇంటికి పోయే బస్సు హబ్సిగూడ దాటి ఆ గేటు ముందునుంచే వెళ్లేది. దిగి, నా రేకు సంగతి ఆయనకు చెప్పి, ఆ స్తంభాలు ఏమై ఉంటాయని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఒక్కసారీ దిగలేదు.