రైతుకు దక్కిన నిలువెత్తు పటం



చైనాలో 1966 నుంచి 1976 వరకు సాంస్కృతిక విప్లవం సాగింది. ఆ రోజుల్లో గోడంత పటం అంటే ఛైర్మన్ మావోదే. అంత పెద్ద పటాన్ని పేరులేని ఒక రైతుకు వేసిన చిత్రకారుడు లువో ఝోంగ్‌లీ.

ఆయన 1948లో చోంగ్‌చింగ్‌లో జన్మించారు. దాబా కొండల ప్రాంతంలో దాదాపు పదేళ్లు పల్లె జనం మధ్య గడిపారు. 1975లో సంవత్సరాది ముందురాత్రి, ఎముకలు కొరికే చలిలో, ఒక ముసలి రైతు మరుగుదొడ్డి దగ్గర ఎరువుకు కాపలా కాస్తూ కనిపించాడు. ఇంటింటా పండుగ, ఆయనకు మాత్రం కాపలా. ఆ ముఖాన్ని లువో మరచిపోలేదు.

1980లో, సిచువాన్ లలితకళా సంస్థలో విద్యార్థిగా ఉండగా, రెండు మీటర్లకు పైగా ఎత్తున ఆ తైలవర్ణ చిత్రం వేశారు. తలపాగా, ఎండకు కమిలిన చర్మం, చాళ్లలాంటి ముడతలు, చెమట బొట్లు, చేతిలో పాత గిన్నె. అమెరికా చిత్రకారుడు చక్ క్లోజ్ వేసే భారీ ముఖచిత్రాల పద్ధతి ఆయనకు దారి చూపింది.

రైతు చెవి మీద ఒక బాల్‌పెన్ను కూడా ఉంది. కొత్త సమాజపు రైతని తెలియాలన్న సూచన మీద చేర్చినది అది. ముడతలు చెప్పే కథను ఆ పెన్ను మార్చలేకపోయింది.

మొదట పెట్టిన పేరు ‘నా తండ్రి’. ‘నా’ అనే మాట తీసేయమన్నారు పెద్ద చిత్రకారుడు వూ గ్వాన్‌ఝోంగ్. అలా ‘తండ్రి’ అయిన ఆ చిత్రానికి జాతీయ యువ చిత్రకళా ప్రదర్శనలో ప్రథమ బహుమతి వచ్చింది. ఒక్క మాట తీసేయడంతో ఆ రైతు అందరికీ తండ్రి అయ్యాడు.