శ్రీకాకుళం రోడ్ స్టేషనూ, క్యాబ్ యాప్ రేట్లూ

పోయిన సంక్రాంతికి ఊరెళ్దామని గచ్చిబౌలి నుంచి సికింద్రాబాద్ స్టేషనుకి క్యాబ్ బుక్ చేయబోయాను. చూస్తుండగానే రేటు పెరిగింది. సరేలే అని నొక్కితే డ్రైవర్ ఫోను, "ఎక్కడికి సార్? క్యాషా, ఆన్‌లైనా?" అని. చెప్పగానే క్యాన్సిల్. మీకూ అలవాటే కదా!

రైలెక్కి ఆలోచిస్తే, మా శ్రీకాకుళం వాళ్ళకి ఇది కొత్తేం కాదనిపించింది. 1890ల్లో మద్రాసు-కలకత్తా రైలుమార్గం వేసినప్పుడు పట్టాలు మా ఊళ్ళోకి రాలేదు. స్టేషను పది పన్నెండు కిలోమీటర్ల అవతల ఆమదాలవలసలో పడింది. పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్! అప్పట్నుంచీ ఆ మిగతా దూరానికి బేరమే. ఆ దశాబ్దంలోనే, 1891లో, జర్మనీలో బ్రున్ అనే ఆయన టాక్సీమీటరు కనిపెట్టాడు. మా స్టేషను బయట మీటరు వేసిన ఆటో నాకింతవరకూ కనబడలేదు. అర్ధరాత్రి దిగితే రేటు డబుల్. అదేమంటే, "వొచ్చేటప్పుడు ఒట్టి బండే రావాల బాబూ, ఏటి సేత్తాం?" అంటాడు. అదీ నిజమే. కారణం తెలిసింది కాబట్టి కాసేపు బేరమాడి ఎక్కుతాం.

యాప్‌లో ఆ కారణం చెప్పేవాడే లేడు. పెంపు మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్లు దాటకూడదని కేంద్రం 2020లో మార్గదర్శకాలిచ్చింది. 2025లో దాన్ని రెండు రెట్లు చేసింది. సరైన కారణం లేకుండా క్యాన్సిల్ చేస్తే ఛార్జీలో 10 శాతం, 100 రూపాయలు మించకుండా జరిమానా అంది. హద్దులైతే పెట్టారు గానీ, ఇవాళ నాకీ రేటు ఎందుకు పడిందో నాకు తెలిసే దారి లేదు.

ఆ కోడు రాసేది మనలాంటి వాళ్ళమే. రేటు కింద కారణం ఒక్క లైను చూపించడం అంత కష్టమా? మా ఆటో ఆయన నోటితో చెప్తున్నాడుగా. ఏమంటారు?