ఆటోమేటిక్‌ ‘ఫోర్‌వీల్‌’కు తాడు కడితే గేర్‌బాక్సుకే చేటు

శీతకాలం రాగానే లంబసింగి, వంజంగి, అరకు ఘాట్‌ రోడ్లపై పర్యాటకుల వాహనాల రద్దీ పెరుగుతుంది. వాటిలో చిన్న ఫోర్‌వీల్‌ డ్రైవ్‌ వాహనాలూ ఉంటాయి. 2020లో కొత్త రూపంలో వచ్చిన మహీంద్రా థార్‌, 2023లో విడుదలైన అయిదు తలుపుల మారుతీ జిమ్నీ ఆటోమేటిక్‌ గేర్లతోనూ మార్కెట్లోకి వచ్చాయి. ఇటువంటి వాహనం దారిలో మొరాయిస్తే, తాడు కట్టి కొండ దింపుదామన్న సలహా ముందుగా వినిపిస్తుంది. పాత జీపులు, 1985లో వచ్చిన జిప్సీ నాటి నుంచి పాతుకుపోయిన అలవాటు అది. వాటికి మాన్యువల్‌ గేర్లు కాబట్టి చెల్లింది. ఆటోమేటిక్‌ను అలాగే లాగితే, చిన్న మరమ్మతుతో పోయేది గేర్‌బాక్సు విప్పే దాకా వెళుతుంది.

నూనె అందకే నష్టం

మాన్యువల్‌ గేర్‌బాక్సులో పళ్లచక్రాలు నూనెలో మునిగి తిరుగుతాయి. ఆటోమేటిక్‌లో నూనెను ఒక పంపు ఒత్తిడితో లోపలి క్లచ్‌లకు, బుష్‌లకు అందిస్తుంది. ఆ పంపును తిప్పేది ఇంజిన్‌. ఇంజిన్‌ ఆగితే పంపూ ఆగుతుంది. అయినా చక్రాలు దొర్లుతుంటే ప్రొపెల్లర్‌ షాఫ్టు ద్వారా గేర్‌బాక్సు లోపలి భాగాలు తిరుగుతూనే ఉంటాయి. తగినంత నూనె అందక అవి వేడెక్కి, అరిగి, చివరకు బిగుసుకుపోవచ్చు. లివర్‌ను న్యూట్రల్‌లో ఉంచితే సరిపోతుందన్నది అపోహ మాత్రమే. న్యూట్రల్‌లోనూ చక్రాల వైపు షాఫ్టు తిరగక మానదు. ఈ వాహనాలను నెట్టి స్టార్టు చేయడం సాధ్యం కానిదీ ఇందువల్లే. బ్యాటరీ దిగిపోతే మరో బండి నుంచి జంపర్‌ తీగలు కలపడమే మార్గం.

రెండో లివరుతో మెలిక

ఫోర్‌వీల్‌ వాహనాల్లో గేర్‌బాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్‌ కేసు ఉంటుంది. థార్‌ వంటి వాటిలో దాని లివరుకు 2హెచ్‌, 4హెచ్‌, 4ఎల్‌ స్థానాలతో పాటు ‘ఎన్‌’ కూడా ఉంది. ఆ స్థానంలో రెండు ప్రొపెల్లర్‌ షాఫ్టులకూ గేర్‌బాక్సుతో సంబంధం తెగిపోతుంది. అమెరికాలో మోటారు హోమ్‌ల వెనుక సుజుకీ సైడ్‌కిక్‌ వంటి చిన్న వాహనాలను నాలుగు చక్రాలపైనే దూర ప్రయాణాలకు లాక్కెళ్లిన పద్ధతి ఇదే. అయితే అన్ని వాహనాలకూ ‘ఎన్‌’ ఉండదు. ఉన్నా, ఆ స్థితిలో లాగవచ్చని కంపెనీ మాన్యువల్‌ చెప్పిందో లేదో చూడాల్సిందే.

ఇక్కడే అసలు ప్రమాదం పొంచి ఉంది. ట్రాన్స్‌ఫర్‌ కేసు ‘ఎన్‌’లో ఉంటే గేర్‌ లివర్‌ ‘పి’లో ఉన్నా బండి నిలవదు. ఘాట్‌ వాలులో హ్యాండ్‌బ్రేక్‌ లాగకుండా, చక్రాల కింద రాళ్లు పెట్టకుండా ఆ లివరును ముట్టుకుంటే వాహనం దానంతటదే జారిపోతుంది.

క్రేన్‌ వచ్చినా జాగ్రత్తే

ముందు భాగాన్ని మాత్రమే ఎత్తి వెనుక చక్రాలపై ఈడ్చుకెళ్లే క్రేన్లే మన పట్టణాల్లో ఎక్కువ. 2హెచ్‌లో నడిచేవి వెనుక చక్రాలే కనుక నష్టం తప్పదు. 4హెచ్‌లో ఉంటే ఇంకా ప్రమాదకరం. దొర్లే వెనుక చక్రాల బలం పైకెత్తిన ముందు చక్రాలకు చేరి వాహనం క్రేన్‌ నుంచి తప్పుకోవచ్చు. నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా ఫ్లాట్‌బెడ్‌ లారీపై తరలించడమే క్షేమం. ఎక్కించేందుకు న్యూట్రల్‌లో నెమ్మదిగా నాలుగు మీటర్లు లాగినంత మాత్రాన ముప్పు లేదు. ఎక్కించాక ‘పి’లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్‌ వేసి, చక్రాలను పట్టీలతో బిగించాలి. బీమా కంపెనీకి ఫోన్‌ చేసేటప్పుడే ‘ఆటోమేటిక్‌, ఫోర్‌వీల్‌’ అని స్పష్టంగా చెబితే తగిన లారీ వస్తుంది. ఆ రెండు మాటలు చెప్పకపోతే మామూలు క్రేనే రావచ్చు.

బురదలో దిగబడినప్పుడు కొద్ది మీటర్లు బయటికి లాగడం వేరు. ఇంజిన్‌ నడుస్తుంటే పంపూ నడుస్తుంది. తాడును బంపరుకు కాక, కంపెనీ అమర్చిన కొక్కేనికే కట్టాలి.

తాడు తప్పనిసరైతే

లారీ చేరలేని చోట మాన్యువల్‌ అనుమతించిన వేగం, దూరం దాటరాదు. ఈ అంకెలు ఒక్కో వాహనానికి ఒక్కోలా ఉంటాయి. తాళం తీసేస్తే స్టీరింగ్‌ బిగుసుకుంటుంది కాబట్టి ఇగ్నిషన్‌లోనే ఉంచాలి. ఇంజిన్‌ ఆగి ఉన్నందున బ్రేకు పెడల్‌ రెండు మూడు నొక్కులకే గట్టిపడుతుంది, స్టీరింగ్‌ బరువెక్కుతుంది. లాగబడే వాహనంలో లైసెన్సున్న, అనుభవజ్ఞుడైన డ్రైవరే కూర్చోవాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి లివర్‌ ‘పి’ నుంచి కదలకపోతే బలవంతం చేయరాదు. అనేక వాహనాల్లో లివర్‌ పక్కనే చిన్న మూత కింద షిఫ్ట్‌లాక్‌ విడిపించే మీట ఉంటుంది. దాన్ని నొక్కే ముందు కూడా హ్యాండ్‌బ్రేక్‌ వేసి ఉందో లేదో చూసుకోవాలి.