గుంటూరు గ్రహణము - సూర్యుని ఇంధనము

వేరుశనగ ఊడలు దిగు వేళకు వాన తప్పినను ఎండ తప్పని సీమ కదిరి. ఆ ఎండనే చేరువనున్న నంబులపూలకుంటలో 2016 నుండి విద్యుత్తుగా మార్చుచున్నారు. ఇంత వేడికి ఇంధనమేమి? బొగ్గే అయినచో సూర్యుడు కొన్నివేల ఏండ్లకే ఆరిపోవలెను. ఈ చిక్కు విడుటకు తొలి ఆధారము తెలుగునేలపైననే కనబడినదని మేము కొంత గర్వముతోనే చెప్పుచున్నాము.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, మచిలీపట్నములో మద్రాసు వేధశాలాధికారి పాగ్సన్ వర్ణపటదర్శినులతో కాచుకొనియుండిరి. బింబపుటంచున ఎగయు జ్వాలల కాంతిలో ఆనాటి పరిశీలకులకు పసుపుపచ్చని గీత ఒకటి కనబడినది. సోడియమందమా, స్థానము సరిగా కుదురలేదు. అక్టోబరులో ఇంగ్లండున లాకియర్ దానిని వేరుగా గుర్తించినాడు. భూమిపై ఎవరును ఎరుగని ఆ మూలకమునకు సూర్యుని గ్రీకు పేరిట హీలియమను నామము వచ్చినది. 1895లో రామ్సే దానిని ఒక ఖనిజమునుండి రాబట్టినాడు.

1920లో ఆస్టన్ తూచగా, నాలుగు హైడ్రోజను పరమాణువులకన్న ఒక హీలియము పరమాణువు కొంచెము తేలికయని తేలినది. ఆ తరుగు నూటికి 0.7 పాళ్లు. ఆ తరుగే వెలుగని ఎడింగ్టన్ ఆ యేడే ఊహించినాడు. 1939లో బేతె లెక్కకట్టి చూపినాడు. కోటిన్నర డిగ్రీల సూర్యగర్భమున హైడ్రోజను కేంద్రకములు కలిసి హీలియమగుచు, సెకనుకు దాదాపు 40 లక్షల టన్నుల ద్రవ్యము శక్తిగా మారుచున్నది. ఇంకను బరువైన తారలలో ఈ కలయికకు కర్బనము మధ్యవర్తి.

ఒక్క మాట. 1868లో మెరసిన హీలియము సూర్యుడు పుట్టునాటికే ఉన్నది; ఈ పొయ్యి బూడిద ఇంకను గర్భముననే పేరుకొనుచున్నది.