ఫిన్లండు వారి ఆవిరియిల్లు

ఉత్తర ఐరోపాలోని ఫిన్లండు దేశమున చలికాలము వచ్చినచో సరస్సులు గడ్డకట్టి మనుష్యులు నడచిపోవుటకు వీలగును. అట్టి దేశపు ప్రజలు ఆరోగ్యమునకై వేడిమిని నమ్ముకొనుట వింత కాదు. సారాయము, తారు, సౌనా అను మూడింటికిని లొంగని రోగము చావుతోనే తీరునని వారిలో ఒక నానుడి కలదు. ఇందు నిజమెంతయో మనము విచారింతము.

సౌనా యనగా కొయ్యతో కట్టిన చిన్న స్నానపుగది. పూర్వము దానికి పొగగొట్టము లేదు. రాళ్లు పేర్చిన పొయ్యిలో గంటల తరబడి కట్టెలు కాల్చి, నిప్పు ఆరి పొగ వెడలిన పిదప జనులు లోపల ప్రవేశించెడివారు. కాగిన రాళ్లపై నీరు చిలుకరింపగా లేచు ఆవిరిని 'లోయ్‌లు' అందురు. ప్రాచీనకాలమున ఆ మాటకు ప్రాణమని అర్థము.

వెచ్చదనము, వేడినీరు, ఏకాంతము అచ్చట లభించుటచే పల్లెలయందలి స్త్రీలు అందే ప్రసవించెడివారు. మృతులకు కడపటి స్నానమును అందే చేయించెడివారు. 20వ శతాబ్దమున ఆసుపత్రులు వ్యాపించి ఈ ఆచారములు తొలగినవి గాని సౌనా తొలగలేదు. సుమారు 55 లక్షల జనులు గల ఆ దేశమున నేడు 30 లక్షలకు పైగా సౌనాలు కలవు. 2020లో యునెస్కో ఈ ఆచారమును మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది.

మన ప్రాచీన వైద్యులకును ఈ మార్గము తెలియనిది కాదు. నడుమ పొయ్యి గల గుండ్రని గదిలో చెమట పట్టించు జేంతాకస్వేదమును చరకసంహిత వర్ణించినది. ఎవరెవరికి స్వేదము తగదో కూడ అందే చెప్పబడినది.

ఇక నేటి శాస్త్రము మాట. 80 మొదలు 100 డిగ్రీల వరకు గల వేడిలో చర్మమునందలి రక్తనాళములు విప్పారును; వడిగా నడచునప్పటివలె గుండె వేగము హెచ్చును. తూర్పు ఫిన్లండులో 2,315 మంది నడివయసు పురుషులను సుమారు ఇరువదియేండ్లు పరిశీలించిన ఫలితములు 2015లో వెలువడినవి. వారమునకు ఒకమారు సౌనాకు పోవువారికంటె, నాలుగు మొదలు ఏడుమార్లు పోవువారిలో ఆకస్మిక హృదయమరణముల ప్రమాదము 63 శాతము తక్కువగా కనబడినది. అయితే ఇది సౌనా మహిమయే యని తీర్మానింపరాదు. ఆరోగ్యవంతుడు తరచుగా పోగలడు, రోగి పోలేడు. ఈ భేదమును గణితముచే కొంతవరకే సవరింపవచ్చును.

మితము తప్పినచో మేలే కీడగును. 2010లో ఫిన్లండునందే హెయినోలా పట్టణమున, ఎవరు ఎక్కువసేపు వేడికి ఓర్తురో చూచు ప్రపంచపు పోటీ జరిగెను. వేడి 110 డిగ్రీలు. తుదివరకు నిలిచిన ఇరువురిలో ఒకరు మరణించిరి. రెండవవారు తీవ్రముగా కాలినగాయముల పాలైరి. అంతటితో ఆ పోటీలు నిలిచిపోయినవి.

కావున మద్యము సేవించి సౌనాలో ప్రవేశింపరాదు. గుండెజబ్బు గలవారు ముందుగా వైద్యుని అడుగవలెను. తల తిరిగినచో వెంటనే వెలుపలికి రావలెను. చెమటతో పోయిన నీటిని త్రాగి పూరించుకొనవలెను. నానుడిలోని మూడు మందులలో సారాయమును విడిచి, సౌనాను మితముగా గ్రహించుట మనకు క్షేమము.